వగ్దీ నీళ్లు

మా సందులో ఎవరికి దాహం వేసినా "వగ్దీ దగ్గర తాగిరా" అంటారు. వగ్దీ నా భర్త. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. నీళ్లు మాత్రం ఆయన పేరుతోనే నడుస్తున్నాయి.

మా ఇంటి గోడకు ఆనించి, షర్బీనీ బాబాయి ఇస్త్రీ కొట్టు పక్కన, ఆ కూలరు ఉంది. స్టీలు పెట్టె, రెండు కుళాయిలు, గొలుసులతో కట్టిన రెండు గ్లాసులు. ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషి కాబట్టి తొమ్మిదేళ్ల కిందట వాళ్లమ్మ ఆత్మశాంతికి ఆయనే స్వయంగా బిగించాడు. ఈజిప్టులో మా తాంతా ఊళ్లో ప్రతి సందులోనూ పోయినవాళ్ల పేరున ఇలాంటిది ఒకటి ఉంటుంది. నీళ్లు తాగినవాళ్లు ఆ పేరు చదివి, ఒక ఫాతిహా ప్రార్థన చెప్పి వెళ్తారు. పైన పాలరాతి పలక మీద మా అత్తగారి పేరుండేది. ఆయన పోయిన నలభయ్యో రోజు దాటాక సందులోవాళ్లు కింద ఆయన పేరు కూడా చెక్కించారు. నాకు ముందు చెప్పలేదు. బడి నుంచి వచ్చేసరికి పేరు ఉంది.

కూలరు వెనక ఒక చిన్న ఇనప బీరువాలో మూడు ఫిల్టరు క్యాండిళ్లు వరసగా ఉంటాయి. మొదటిది దారంది, మధ్యది బొగ్గుది, చివరిది ఇంకా సన్న దారంది. మూడు నెలలకొకసారి మూడూ మార్చాలి. ఆయన మార్చేవాడు. ఆయన తర్వాత ఎవరూ మార్చలేదు. బీరువా తాళంచెవి మా వంటింట్లో మేకుకు వేలాడుతోంది. సందులోవాళ్లు నేను మారుస్తున్నాననుకున్నారు. నేను కాదనలేదు.

నేను బాలికల బడిలో సైన్సు పాఠాలు చెబుతాను. పిల్లలు అబ్లా అంటారు. పెద్దక్క అని అర్థం. మా దగ్గర పంతులమ్మలందరూ అబ్లాలే. అక్టోబరు మొదటి వారంలో నీళ్ల పాఠం వచ్చింది. ఎవరింటి కుళాయి నీళ్లు వాళ్లు ఒక సీసాలో తెమ్మన్నాను. ఇరవై నలుగురు తెచ్చారు.

"నాది వగ్దీ తాత నీళ్లు అబ్లా!" అంది హనాదీ, సీసా పైకెత్తి చూపిస్తూ. షర్బీనీ బాబాయి మనవరాలు. పదమూడేళ్లు.

"మీ ఇంటి కుళాయివి తెమ్మన్నాను."

"మా ఇంట్లో తాగేవి ఇవే అబ్లా. తాత టీ కూడా వీటితోనే కాస్తాడు. కుళాయి నీళ్లు గిన్నెలు తోముకోవడానికంట."

ముందు వెలుతురుకు పట్టి రంగు చూశాం. వాసన చూశాం. ఆ తర్వాత ఒక్కో గొట్టంలో కొన్ని నీళ్లు పోసి చిన్న మాత్ర వేయించాను. క్లోరిన్ ఉంటే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఇరవై మూడు గొట్టాలు తిరిగాయి. హనాదీది తిరగలేదు.

"అందరి నీళ్లూ సిగ్గుపడ్డాయి, హనాదీ నీళ్లకే సిగ్గు లేదు!" అంది వెనక బెంచీ నుంచి ఎవరో. తరగతంతా నవ్వింది.

"మందు వాసన లేదు, అందుకే తియ్యగా ఉంటాయి. మీకేం తెలుసు!" అంది హనాదీ.

నవ్వులు ఆగనిచ్చాను. తర్వాత బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. ఊరి చివర నీళ్ల కేంద్రంలో కలిపిన క్లోరిన్ మన కుళాయి దాకా నీళ్లకు కాపలాగా వస్తుంది. ఫిల్టరులో ఉన్న బొగ్గు వాసనను పీల్చుకునేటప్పుడు ఆ కాపలాను కూడా పీల్చేసుకుంటుంది. అది తప్పు కాదు. కాని అక్కడి నుంచి నీళ్లకు ఫిల్టరు శుభ్రతే దిక్కు.

"ఫిల్టరు శుభ్రంగా లేకపోతే?" అని అడిగింది ఒక పిల్ల.

"అది మూడో పరీక్ష చెబుతుంది."

మూడో పరీక్షకు చిన్న సీసాలున్నాయి. అడుగున మందులో నాని ఆరిన కాగితం ముక్క ఉంటుంది. గీత దాకా నీళ్లు పోసి, మూత బిగించి, వెచ్చని చోట రెండు రోజులు ఉంచాలి. మనుషుల కడుపులోంచో పశువుల కడుపులోంచో వచ్చిన క్రిములు నీళ్లలో ఉంటే సీసా నల్లబడుతుంది. లేకపోతే లేత గోధుమ రంగులోనే ఉండిపోతుంది. ఇది ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుందని పిల్లలకు రెండుసార్లు చెప్పాను. సీసం ఉందా, పురుగుమందు ఉందా, ఉప్పులెక్కువా అని దీన్ని అడక్కూడదు. సీసాల మీద అంకెలు వేసి తరగతి బీరువాలో పెట్టాం. హనాదీది పదిహేడు. అది మంగళవారం.

గురువారం బీరువా తెరిచేసరికి ఇరవై నాలుగు సీసాలూ గోధుమ రంగులోనే ఉన్నాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. హనాదీ అందరికంటే ముందు కొట్టింది, అందరికంటే ముందు ఆపింది. పదిహేడో సీసాను కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. రంగు బాగానే ఉంది. కాగితం ముక్క మాత్రం చేతిరుమాలు కాగితంలా విచ్చుకుపోయింది. అడుగున రెండు నల్లటి రేణువులున్నాయి.

గంట కొట్టాక హనాదీని ఆగమన్నాను.

"నువ్వు టీ బాగా కాస్తావట."

"ఎవరు చెప్పారు అబ్లా?"

"ఈ సీసా చెప్పింది."

అది తల వంచుకుంది. లేచి, బల్ల చివర కప్పను ఊరబెట్టిన పెద్ద సీసా వెనక్కి చేయి పెట్టి, చిన్న సీసా ఒకటి తీసి నా ముందు పెట్టింది. తారులా ఉంది. దాని మీద అంకె నా చేత్తో వేసిందే.

"నిన్న పొద్దున బీరువా తుడుస్తుంటే చూశాను. అప్పటికే నల్లగా అయిపోయింది. మీరు చూస్తే..." అని ఆగింది. "ఆయన పేరు కదా అబ్లా."

నాకు కోపం రావాలి. నా దగ్గర అంత కోపం లేదు.

"మీ తాత కడుపు ఎలా ఉంది?"

"నెల రోజులుగా బాగాలేదు. ఫూల్ బండి మీద ఉడికించిన చిక్కుడు గింజలు అమ్మే హామిద్‌ను, గింజలు కుళ్లిపోయాయని రోజూ తిడుతున్నాడు. ఇద్దరికీ మాటల్లేవు."

"మీ అమ్మకి?"

అది పుస్తకాల సంచి పట్టీని వేలికి చుట్టుకుంది.

"టీకి అయిదు మార్కులు," అన్నాను. "పరీక్షకు సున్నా. ఫలితం నచ్చకపోతే మళ్లీ చేస్తాం. మార్చం."

"మళ్లీ చేస్తే మారుతుందా అబ్లా?"

"తెలియదు."

అబద్ధం చెప్పాను. నాకు తెలుసు.

ఆ సాయంత్రం సందులోకి వచ్చేసరికి కూలరు దగ్గర ముగ్గురున్నారు. కాలేజీ పిల్లవాడొకడు గ్లాసు కడిగి, నింపుకుని, ఒక్క గుక్కలో తాగి, పలక వైపు చూసి పెదవులు కదిపాడు. వచ్చే వారం మా ఊరి పీరు సయ్యిద్ బదవీ మౌలిద్, అంటే జాతర. పల్లెలన్నీ తాంతాకు కదిలి వస్తాయి. సందుల్లో గుడారాలు వేసుకుంటారు. ఆ వారమంతా ఈ రెండు కుళాయిలూ కట్టిన క్షణం ఉండదు. చేయి చాస్తే అందే చోట కూలరుకు నీళ్లు కట్టే వాల్వు ఉంది. నేను తిప్పలేదు. తలుపు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను. ఆ ఒక్క రాత్రి ఎంతమంది తాగారో నాకు తెలియదు.

తాళంచెవిని చూస్తూ కూర్చున్నాను. ఆ బీరువా లోపల ఆయన ఆఖరుసారి చేసిన పని ఉంది. ఆయన చొక్కాలు పంచేశాను. పనిముట్ల సంచి ఆయన శిష్యుడికి ఇచ్చాను. అవన్నీ చేయగలిగాను. ఆయన చేత్తో బిగించి, ఆ తర్వాత ఎవరి చేయీ పడనిది ఇదొక్కటే మిగిలింది. నేనది విప్పనంత కాలం ఎక్కడో ఒక పని ఆయనదిగా నడుస్తున్నట్టుండేది.

శుక్రవారం పొద్దున కిటికీ తెరిచాను. జాతరకు ముందే వచ్చిన పల్లెటూరి కుటుంబం కూలరు దగ్గర మూటలు దించుకుంటోంది. తల్లి చంకలో ఏడాది నిండని బిడ్డ. ఆమె గ్లాసు నింపి, ముందు ఫాతిహా చదివింది. తొందరపడకుండా, పూర్తిగా చదివింది. తర్వాత వేలు నీళ్లలో ముంచి బిడ్డ పెదవులకు తాకించింది.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా దిగాను.

"ఆగమ్మా! ఆ నీళ్లు వద్దు. లోపలికి రండి, కాచిన నీళ్లిస్తాను."

"దేవుడు మేలు చేస్తాడు తల్లీ. ఇవీ బాగానే ఉన్నాయి, చల్లగా."

"చల్లగానే ఉన్నాయి. బాగా లేవు."

ఆ మాట పైకి అన్నాక మిగతాది తేలికైంది. వాల్వు తిప్పి కూలరుకు నీళ్లు కట్టేశాను. వాళ్లకు కాచిన నీళ్లు రెండు సీసాలు నింపిచ్చాను. నోటుపుస్తకంలో కాగితం చించి, పెద్ద అక్షరాలతో "నీళ్లు బాగా లేవు. తాగకండి" అని రాసి కుళాయికి అంటించాను.

షర్బీనీ బాబాయి కొట్టు తెరుస్తూ చూశాడు. డెబ్బై దాటినా ఇస్త్రీ పెట్టె ఇంకా వదల్లేదు. నోటి నిండా నీళ్లు పట్టి చొక్కా మీద తుంపరగా ఊదే పాత పద్ధతి ఆయనది.

"అమ్మా ఇన్సాఫ్! వగ్దీ పేరు కింద ఈ మాటేమిటమ్మా?"

"పేరు కింద కాదు బాబాయి, కుళాయి మీద. నీళ్లు చెడ్డాయి."

"చెడడమేమిటి! తొమ్మిదేళ్లుగా ఈ నీళ్లు నోట్లో పోసుకుని ఊదుతున్నాను. చచ్చానా?"

"నిన్న ఎన్నిసార్లు కొట్టు మూసి ఇంటికి పరిగెత్తారు?"

ఆయన మీసం సవరించుకున్నాడు. "అది హామిద్ చిక్కుడు గింజల పని."

"కావచ్చు. అడుగుదాం."

"ఎవర్ని? హామిద్‌నా? వాడితో నాకు మాటల్లేవు."

"నీళ్లను."

హనాదీ అప్పటికే కొత్త సీసాలతో వచ్చి నిలబడింది. రమ్మని నేను చెప్పలేదు. ఈసారి రెండు చోట్ల పట్టాలనుకున్నాను. ఫిల్టరుకు ముందు అదే గొట్టం మీద మా ఇంటి కుళాయి ఉంది. ఫిల్టరు తర్వాతది కూలరు కుళాయి. ముందుది చెడితే తప్పు ఊరి నీళ్లది. ముందుది మంచిదై తర్వాతది చెడితే తప్పు మనది.

చేతులు సబ్బుతో కడుక్కున్నాం. దూదిని స్పిరిట్‌లో ముంచి, పటకారుతో పట్టుకుని వెలిగించి, కుళాయి మూతిని చుట్టూ కాల్చాను. మూతికి అంటుకున్న మురికిని నీళ్ల మీదికి నెట్టకూడదు కదా.

"ఇప్పుడు కుళాయిని కూడా కబాబ్ చేస్తున్నావా?" అన్నాడు బాబాయి.

"మాట్లాడకండి తాతా, తుంపర పడుతుంది," అంది హనాదీ.

"చూశావా, పంతులమ్మ ఒకర్తి చాలదన్నట్టు!"

నీళ్లను కాసేపు ధారగా వదిలి, సీసా మూతి దేనికీ తగలకుండా పట్టాను. హనాదీ అంకెలు వేసింది. క్లోరిన్ అక్కడికక్కడే చూశాం. ముందుది గులాబీ రంగుకు తిరిగింది. తర్వాతది తిరగలేదు.

బాబాయి రెండు గొట్టాలనూ ఎండకు పట్టి చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఒకటి అడుగుతాను, కోప్పడకు. ఆ బీరువా తెరిస్తే ఇదంతా అక్కర్లేదు కదా. ఇది పరీక్షా, వాయిదానా?"

"రెండూ," అన్నాను.

ఆయన కొట్టులోకి వెళ్లి ఇస్త్రీ పెట్టె పట్టుకున్నాడు. ఆ రెండు రోజులూ ఎవరు కూలరు దగ్గరికి వచ్చినా కొట్టులోంచే అరిచేవాడు: "చదవడం రాదా? అబ్లా వద్దంది! కావాలంటే నా కూజాలో కాచిన నీళ్లున్నాయి, తాగి ఫాతిహా మాత్రం వగ్దీకే చెప్పండి!"

ఆదివారం బడి నుంచి వచ్చి సీసాలు తీశాను. ఒకటి గోధుమ రంగు. రెండోది నలుపు. ఊరి నీళ్లు మా ఇంటి గుమ్మం దాకా మంచిగానే వచ్చాయి. ఆ తర్వాత ఒక మూర దూరంలో చెడ్డాయి.

మేకుకున్న తాళంచెవి తీశాను.

బీరువా తలుపు కీచుమంది. లోపల మూడు నీలం గిన్నెలు తలకిందులుగా వేలాడుతున్నాయి. వాటిని విప్పే పిడి పక్కనే కొక్కేనికి ఉంది. మొదటి గిన్నెకు పిడి తగిలించి తిప్పాను. కదల్లేదు. రెండు చేతులతో తిప్పాను. కదల్లేదు. ఆయన ఏది బిగించినా అలాగే బిగించేవాడు. ఇంట్లో ఊరగాయ సీసా మూతల దగ్గర దాని మీదే మా గొడవలు.

"నేను పట్టనా?" అన్నాడు బాబాయి.

"నాతో పాటు పట్టండి."

ఆయన చేతులు నా చేతుల పక్కన పిడి మీద పడ్డాయి. ఇస్త్రీ పెట్టె పట్టి పట్టి కాయలు కాచిన చేతులు. ఒక్కసారిగా బిగువు వదిలింది. నీళ్లు మోచేతుల మీదుగా కారాయి. హనాదీ కింద పళ్లెం పట్టింది.

తెల్లగా ఉండాల్సిన క్యాండిల్ బురద రంగులో ఉంది. వేలితో తాకితే జారింది. మధ్య గిన్నె విప్పగానే బకెట్లో మూడు రోజులు మరిచిపోయిన తడిబట్ట వాసన వచ్చింది. బాబాయి ముక్కు మూసుకోబోయి, నన్ను చూసి చెయ్యి దించేశాడు.

"ఇదా నేను తాగింది," అన్నాడు మెల్లగా. ఫూల్ బండి ఉండే వైపు చూసి, "హామిద్‌కి ఏం చెప్పాలి ఇప్పుడు?" అన్నాడు.

"నిజం చెప్పండి తాతా," అంది హనాదీ.

"నిజం చెబితే వాడు మౌలిద్ అయ్యేదాకా నన్ను ఏడిపిస్తాడే!"

నేను నవ్వాను. నవ్వి, తల తిప్పితే బీరువా తలుపు లోపలి వైపు కనిపించింది. ఆయన పెన్సిలుతో తేదీలు రాసుకునేది అక్కడ. తొమ్మిదేళ్ల తేదీలు, ఒకదాని కింద ఒకటి. అన్నిటికంటే కింద ఇలా ఉంది: "జనవరి 18. మళ్లీ ఏప్రిల్ 18. ఇన్సాఫ్ గుర్తు చేస్తుంది."

పైన ఉన్న తేదీలు చూశాను. ప్రతి వరస చివరా అదే మాట. ఆయనకు తేదీలు నిలిచేవి కావు. మా పెళ్లిరోజు కూడా నేనే గుర్తు చేసేదాన్ని.

"ఏం రాశాడమ్మా?" అన్నాడు బాబాయి. ఆయన కళ్లద్దాలు కొట్టులో ఉన్నాయి.

"తేదీలు."

హనాదీకి చదవడం వచ్చు. అది పళ్లెం వైపే చూసింది.

మూడు పాత క్యాండిళ్లనూ సంచిలో వేసి చెత్తబండిలో పడేశాను. గిన్నెలు తోమాం. కూలరు లోపలి తొట్టిని బ్లీచింగు నీళ్లతో నింపి, ఒక గంట ఉంచి, వాసన పోయేదాకా వదిలాం. బజారు నుంచి తెచ్చిన కొత్త దారం క్యాండిళ్లు రెండూ ఎక్కించాను. బొగ్గుది చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డాను. దాన్ని వేస్తే నీళ్లు ఆయన ఉన్నప్పటి రుచికి వస్తాయి. మూడు నెలలకొకసారి తప్పకుండా మార్చే మనిషి ఉన్నప్పుడు అది బాగానే ఉంటుంది. నేను ఒకసారి తప్పిన మనిషిని. రేపు నాకు జ్వరమో, మరొకటో వస్తే ఎవరు మారుస్తారు? దాన్ని పెట్టెలోనే ఉంచి, మధ్య గిన్నెను ఖాళీగా బిగించాను. క్లోరిన్‌ను గ్లాసు దాకా రానిచ్చాను.

కూలరు నీళ్లు మళ్లీ పట్టి రెండు రోజులు ఆగాం. మంగళవారం బడిలో సీసా తీశాను. గోధుమ రంగు. క్లోరిన్ మాత్ర వేస్తే గులాబీ రంగు. వెనక బెంచీలో ఎవరో "ఇప్పటికి సిగ్గొచ్చింది!" అన్నారు. పరీక్షల పుస్తకంలో పదిహేడో వరస ఖాళీగా ఉంది. పుస్తకం హనాదీ చేతికిచ్చాను. అది పాత తేదీ వేసి "నల్లబడింది" అని రాసింది. కింద కొత్త తేదీ వేసి "నల్లబడలేదు" అని రాసింది. ఆ రెండింటి మధ్యన చిన్న అక్షరాలతో "ఒకసారి టీ" అని కూడా రాసింది. కొట్టేయమనలేదు.

సాయంత్రం కుళాయి మీది కాగితం చింపాను. మొదటి గ్లాసు షర్బీనీ బాబాయి పట్టాడు. ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"ఆసుపత్రి వాసన. ఇవి వగ్దీ నీళ్లు కావు."

"కావు," అన్నాను. "కడుపుకి మంచివి."

ఆయన గ్లాసు వైపు చూశాడు, పలక వైపు చూశాడు. మిగిలినవి కూడా తాగేశాడు. తర్వాత నోటి నిండా పట్టుకుని కొట్టులోకి వెళ్లి ఎవరిదో తెల్ల చొక్కా మీద ఫూ అని ఊదాడు. "చొక్కాలకు అలవాటవుతుందిలే," అని లోపల్నించి అరిచాడు. కాసేపటికి ఆ చొక్కాను మడతపెట్టి చేత్తో పట్టుకుని, ఫూల్ బండి వైపు నడిచాడు. అది హామిద్ చొక్కా.

నేను బీరువా తెరిచి పెన్సిలు తీశాను. ఆఖరి వరస కింద రాశాను: "అక్టోబరు 12. మళ్లీ జనవరి 12." కొంచెం ఆలోచించి, పక్కన "హనాదీ గుర్తు చేస్తుంది" అని రాసి, తాళం వేసి, తాళంచెవి నా వెనకే నిలబడ్డ దాని చేతికిచ్చాను.